ఉప్పు కుప్పల కింద ఫిరంగులు

కొటారుపాళెం
1965 సెప్టెంబరు 15

చిరంజీవి జయకుమార్‌కు,

దేవుడు నిన్ను చల్లగా కాపాడుగాక. నేనూ, నా చెల్లెలు ఎలిశబెతూ ఇక్కడ కులాసా. నీ కార్డు వచ్చి చాలా రోజులయింది. క్షేమం అని ఒక్క మాట రాసి పడేస్తే నీ భార్య సుఖంగా అన్నం తింటుంది. ఇప్పుడు తినడం లేదని కాదు, తింటూ నన్ను కసురుకుంటున్నది.

యుద్ధం మొదలయినప్పటి నుంచి మన పాళెంలో చేపలకంటే సేనాధిపతులు ఎక్కువయినారు. పద్మనాభయ్య టీ హోటల్లో రేడియో ఉంది కదా. వార్తలు చెప్పేది ఢిల్లీ వాళ్ళయినా వాటికి అర్థం చెప్పేది పద్మనాభయ్యే. ఫలానా ఊరు పట్టుకున్నామని రేడియో అంటే, అది పైకి, అసలు పట్టుకున్నది వేరే ఊరు అంటాడు. రేడియో ఏమీ అనకపోతే అదే పెద్ద వార్త అంటాడు. మొన్న సముద్రంలో నల్లగా ఏదో తేలితే శత్రువుల జలాంతర్గామి అని తేల్చినారు. మరునాడు అలలు దాన్ని ఒడ్డుకు నెట్టినాయి. తాటి మొద్దు. దాన్ని చూసి సిగ్గుపడతారనుకున్నాను. జలాంతర్గామి సంగతి బయట పడకుండా రాత్రికి రాత్రి ఈ మొద్దును తెచ్చి వేసినారని పద్మనాభయ్య అన్నాడు. ఒక్కడు కూడా నవ్వలేదు.

నేను అక్కడ నోరు విప్పను. ఉప్పు సొసైటీ గుమాస్తాను, మూర్ఖులతో వాదం పెట్టుకుంటే రోజు లెక్క రాసుకునే పొద్దు పోతుంది.

ఈ ఏడు ఎండలు బాగా కాసి సొసైటీ మడుల్లో ఉప్పు విరగపండింది. ఉప్పు నిలవచేసే కొటారు గట్టు మీద కుప్పలు వరసగా పోసి తాటాకు కప్పుతున్నారు. ఎవరి కుప్ప వాళ్ళది. వానలు వెళ్ళినాక కాలువ పడవలు వచ్చి ఎత్తుకు పోవాలి. మళ్ళీ మడులు ఎండేదాకా ఇంటిల్లిపాదికీ అదే తిండి. అంతదాకా కాపాడేది ఆ తాటాకే.

ఉత్తరం రాయి. కొంచెం పెద్దదే రాయి, ఇంట్లో శాంతి ఉంటుంది.

నీ మేలు కోరే బావ,
సమాధానం


ఫీల్డు నుంచి
1965 సెప్టెంబరు 29

బావగారికి వందనాలు.

కాల్పులు ఆగినాయి. నాకు దెబ్బలేమీ లేవు. ముందు ఆ మాట ఎలిశబెతుకు చెప్పి, తర్వాత మిగతాది చదవండి. మేము ఇంకా ఉన్న చోటే ఉన్నాము, ఇప్పట్లో కదిలేటట్టు లేదు.

ఈ ఉత్తరం ఆదివారం ఆరాధన అయినాక ఉపదేశి గారిచేత అందరి ముందు చదివిస్తానని ఎలిశబెతు రాసింది. దూరాన ఉన్నవాళ్ళ ఉత్తరాలు గుడిలో చదివించి ప్రార్థన చేయించడం మనకు అలవాటే కాబట్టి కొంచెం వేడుకగా రాస్తున్నాను.

మీరు ఫిరంగి అనేదాన్ని మేము గన్ను అంటాము. కొన్ని గన్లు కలిస్తే బ్యాటరీ. ఒక్కో గన్నుకు ఆరుగురం. నేను నెంబర్ వన్, అంటే ఆ ఆరుగురికీ పెద్దను. ఒకడు వెనక తలుపు మూసి తెరుస్తాడు, ఒకడు సైటులో కన్నుపెట్టి గురి సరిచేస్తాడు, ఒకడు గుండు ఎక్కిస్తాడు, మిగిలినవాళ్ళు గుండ్లూ మందూ అందిస్తారు. మేము దేన్ని కొడుతున్నామో మాకు కనపడదు. ముందెక్కడో దిబ్బ మీద మా ఆఫీసరు దుర్భిణీ పెట్టుకొని వైర్‌లెస్సులో చెబుతుంటాడు. మొదటి గుండు అవతల పడిందంటాడు. రేంజి తగ్గిస్తాము. రెండోది ఇవతల పడిందంటాడు. ఆ రెంటి మధ్యకు వస్తాము, మళ్ళీ ఆ సగంలో సగానికి. దాన్ని బ్రాకెట్ చేయడం అంటారు. గురి కుదిరినాక అన్ని గన్లూ కలిసి కాలుస్తాయి. ఆ మోత విన్నవాడికి మన తుపాను హోరు జోలపాట.

విమానాలకు కనపడకుండా గన్ల మీద వల కప్పుతాము. వలలో ఆకులూ గుడ్డ పేలికలూ దూర్చుతాము. దూరం నుంచి చూస్తే అచ్చం మన కొటారు గట్టు మీద తాటాకు కప్పిన ఉప్పు కుప్పల్లాగే ఉంటాయి. మొదటిరోజు ఆ వరసను చూసి నాకు ఇల్లు గుర్తొచ్చింది.

పాళెంలో అందరినీ అడిగినానని చెప్పండి. ఆదిశేషమ్మ పెట్టి ఇచ్చిన మాగాయ ఇక్కడ తెలుగు రాని వాళ్ళందరూ తిన్నారు.

మీ జయకుమార్


కొటారుపాళెం
1965 అక్టోబరు 12

చిరంజీవి జయకుమార్‌కు,

నీ ఉత్తరం చేరింది. చేరకుండా ఉంటే బాగుండేది.

ఆదివారం పరంజ్యోతి ఉపదేశి గట్టిగా, ప్రసంగంలాగా చదివినాడు. మనవాళ్ళే కాదు, పాళెంలో సగం మంది గుడి గోడ పట్టుకొని విన్నారు. బ్రాకెట్ దగ్గర నిద్రపోయినారు. ఉప్పు కుప్పల దగ్గర లేచినారు. సాయంత్రానికి పద్మనాభయ్య తీర్పు వచ్చింది. "జయకుమార్ ఎర్రోడేం కాదు. రాయకూడనిదాన్ని పోలిక పెట్టి రాసినాడు. మనకు ముందుగా ఎరుక చేసినాడబ్బా." అంటే, మన గట్టు మీద కుప్పల కింద సర్కారు ఫిరంగులు దాచిపెట్టిందట.

సాక్ష్యాలు విను. కుప్పలు వరసగా ఉన్నాయి. (ఎప్పుడు లేవు?) మొన్న ఎండాకాలం జీపులో బూట్లు వేసుకున్నవాళ్ళు ఇద్దరు వచ్చి గట్టు కొలిచినారు. (ఉప్పు ఇలాకా వాళ్ళు, ఏటా వస్తారు.) అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం నేను. సమాధానం రోజూ పొద్దు గుంకే వేళ గట్టు వెంబడి నడిచి ఏదో రాసుకుంటాడు, ఉప్పును రోజూ రాసుకునేదానికి ఏముండాది, అడిగితే మాట్లాడడు, చేతిలో బైబిలు పెట్టి ప్రమాణం చేయించి ఉంటారు అంటున్నారు. కాదంటే దాస్తున్నానంటారు. ఊరుకుంటే ఒప్పుకున్నానంటారు.

రమణయ్య మాట చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. తన కుప్పను తానే, గంప గంపా నెత్తిన మోసి పోసినవాడు. వాడు నిన్న పార తీసుకొని ఆ కుప్పనే అడుగు మట్టి కనపడేదాకా తవ్వినాడు. ఏం దొరికింది రమణయ్యా అంటే, "నాదాంట్లో లేదులే సామీ, ఆదిశేషమ్మ దాంట్లో ఉండాది" అన్నాడు. ఆదిశేషమ్మ మొగుడు పోయినాక ఒంటిచేత్తో మడి చేసుకుంటున్న మనిషి, కాస్త బుర్ర ఉన్నది అనుకున్నాను. అడిగితే, తనదాంట్లో లేదట, రమణయ్యదాంట్లోనే ఉండాదట, తవ్వినట్టు నటించినాడట. గట్టు మీద ఎవరినైనా అడుగు. తన కుప్పలో లేదని ప్రతివాడికీ తెలుసు. పక్కవాడి కుప్పలో ఉందనీ ప్రతివాడికీ తెలుసు.

ఒక్కసారి నిలబడి చెప్పరాదా అన్నా అని ఎలిశబెతు పోరుతున్నది. పందుల ముందు ముత్యాలు వేయవద్దని ప్రభువే చెప్పినాడు. నేను వేయను.

సమాధానం


ఫీల్డు నుంచి
1965 అక్టోబరు 23

బావగారికి,

మీ ఉత్తరం చదివి మొదట నవ్వినాను. రెండోసారి చదివితే నవ్వు రాలేదు. నా పోలిక వల్ల వచ్చిన చిక్కు కాబట్టి నేనే తీర్చాలి. దీనితో పాటు వేరే కాగితం పెట్టినాను. దాన్ని ఉపదేశి గారిచేత చదివించండి. గన్ను కాల్చినప్పుడు గొట్టం ఎంత జోరుగా వెనక్కి తన్నుతుందో, దానికి ఎలాంటి గట్టి నేల కావాలో, మన చవుడులో పెడితే చక్రాలు ఎలా దిగబడతాయో రాసినాను. అన్నిటికన్నా వాళ్ళకు అర్థమయ్యే మాట చివర రాసినాను. ఉప్పులో ఇనుము ఎవరైనా దాస్తారా? మీ గడ్డపారలు ఏ గతి పట్టినాయో చూడండి అని. మేము ఇక్కడ పొడి గాలిలోనే రోజూ గొట్టం తుడిచి నూనె పెడతాము.

ఒక్క మాట. వాళ్ళు పందులు కారు, బావా. ఎవరూ ఏమీ చెప్పకుండా వదిలేసిన మనుషులు. మీ మాటంటే పాళెంలో విలువ ఉంది. అబద్ధం ఆడరని పేరు ఉంది. మీరు నోరు తెరవండి.

జయకుమార్


కొటారుపాళెం
1965 నవంబరు 4

జయకుమార్,

నీ కాగితం వచ్చింది. అందులో రెండు వరసల మీద మీ సెన్సారు వాళ్ళు నల్ల సిరా పూసినారు. చక్రాల గురించో, బరువు గురించో రాసి ఉంటావు. ఉపదేశి అక్కడికి వచ్చి ఆగినాడు. ఇక్కడ నల్లగా ఉంది, కనపడదు అన్నాడు. మిగతా కాగితం అంతటితో చచ్చిపోయింది. నీ తన్నుడూ, చవుడూ, గడ్డపారలూ ఎవరూ వినలేదు. ఆ నలుపును మాత్రం ఒకరి తర్వాత ఒకరు ఎండకు పట్టి చూసినారు. చదువు రానివాళ్ళు కూడా. కనపడే వరసలు చదవలేనివాళ్ళు కనపడని వరసలు గడగడా చదివినారు. పద్మనాభయ్య మొదటి వరసలో ఎన్ని ఫిరంగులో ఉన్నదన్నాడు. రెండో వరసలో మన పాళెం పేరే ఉందట. తుప్పు సంగతి అడిగితే, "మరి తాటాకు ఎందుకు కప్పినారనుకున్నావు?" అన్నాడు. తాటాకు కప్పింది వాళ్ళే.

మొన్న పంచాయతీ పెట్టినారు. శత్రువుల విమానాలు వస్తే ఆకు కప్పిన వరసను చూసి బాంబు వేస్తాయి, ఆకు తీసేస్తే తెల్లటి ఉప్పు కనపడి వదిలి పోతాయి అని తీర్మానం. యుద్ధం ఆగిందిగదా అని ఎవరో ముసలాయన అంటే, అది పైకి అన్నారు.

నువ్వు రాసినావని పోయినాను. నిలబడి ఒక్క మాట అడిగినాను, వాన వస్తే ఏమిటని. రమణయ్య లేచి, "వానొస్తే ఉప్పు పోతాది సామీ. బాంబు పడితే పిలకాయలు పోతారు" అన్నాడు. అందరూ నా వంక చూసినారు. నేను ఇంకేదో చెబుతానని, చెప్పగలిగింది ఏదో నా దగ్గర ఉందని. ఏముంది నా దగ్గర? వచ్చేసినాను.

మరునాడు ఆకు పీకినారు. మొదట పీకింది ఆదిశేషమ్మ. కుప్పలు వాళ్ళవి, ఆకు వాళ్ళది, ఆపడానికి సొసైటీకి అధికారం లేదు. పీకిన ఆకు సగం పొయ్యిల్లోకి పోయింది, సగం మేకలు తొక్కినాయి. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడు. తాగనీ.

సమాధానం


ఫీల్డు నుంచి
1965 నవంబరు 13

బావా,

మీరేదో వీధినాటకం చూసి వచ్చినట్టు రాసినారు. కార్తీకం ఇది. మన ఒడ్డున వాన ఎప్పుడొస్తుందో నాకంటే మీకు బాగా తెలుసు. ఈ ఉత్తరం అందిన గంటలో మళ్ళీ ఆకు కప్పించండి. ఆకు కొనడానికి సొసైటీ ఒప్పుకోకపోతే నేను ఎలిశబెతుకు పంపిన డబ్బు వాడండి. అందరినీ నిలబెట్టి, ప్రతి కుప్పలోనూ గడ్డపార దించి చూపించండి.

నాకొక అనుమానం వస్తున్నది, రాయకుండా ఉండలేను. మీరు వాన కోసం కాచుకొని ఉన్నారా? మీ మాట నెగ్గాలని?

జయకుమార్


కొటారుపాళెం
1965 నవంబరు 22

జయకుమార్,

నీ ఉత్తరం వాన మధ్యలో వచ్చింది. టపా తెచ్చిన పడవవాడు సంచిని కడుపు కింద పెట్టుకొని పడుకొని తెచ్చినాడు.

వాయుగుండం పట్టి మూడు రోజులు వదలలేదు. మొదటి జల్లుకే అందరూ గట్టు మీదికి పరిగెత్తినారు. దొరికిన చాపలూ, చీరలూ, పడవ తెరచాపలూ కప్పినారు. గాలి వాటిని ఎత్తుకుపోయింది. ఆదిశేషమ్మ తన కుప్ప మీద బోర్లా పడుకుంది. ఉప్పు ఆమె కింద నుంచే కరిగి పోయింది. తెల్లటి నీళ్ళు గంజి వార్చినట్టు కాలువలోకి పారినాయి. ఇప్పుడు గట్టు మీద ఒక్కొక్క కుప్ప ఉన్న చోట దిబ్బకు బదులు పల్లెం లాంటి మరక ఉంది. ఏ మరకలోనూ ఫిరంగి లేదు.

కనీసం ఇప్పుడయినా కళ్ళు తెరుస్తారనుకున్నాను. నాలుగోరోజు ఎండ కాసింది, హోటలు తెరిచినారు. వాన అడ్డం పెట్టుకొని ఫిరంగులు తరలించినారని పద్మనాభయ్య చెప్పినాడు. వాన చప్పుడులో లారీల చప్పుడు వినపడలేదు గదా అన్నాడు. గట్టు మీద చక్రాల చాళ్ళు చూపించినాడు. అవి నీళ్ళు కోసిన చాళ్ళు. అందరూ పోయి చూసి వచ్చినారు. రెక్కల కష్టం పోయిన మనుషులు ఆ చాళ్ళ పక్కన గొంతుక్కూర్చొని వాటి వెడల్పు జానలతో కొలుస్తుంటే చూడటానికి నాకు అసహ్యం వేసింది. ఇంతకన్నా మంచి మాట నా దగ్గర లేదు.

నువ్వు అడిగినదానికి జవాబు. నేను వాన కోసం కాచుకోలేదు. నమ్మితే నమ్ము. నమ్మకపోతే నీకూ పద్మనాభయ్యకూ తేడా లేదు.

సమాధానం


1965 డిసెంబరు 3

బావగారికి,

ఇది సెలవు మీద మద్రాసు పోతున్న స్నేహితుడి చేతికి ఇస్తున్నాను. అక్కడ పోస్టు చేస్తాడు. నల్ల సిరా ఉండదు. గుడిలో చదివించవద్దు.

మిమ్మల్ని అలా అడిగినందుకు మన్నించండి. మీరు నాకు రాసిన జవాబుకు నాకు కోపం లేదు. కానీ మీకు ఒకటి చెప్పాలి.

సెప్టెంబరులో మా పక్క గన్ను దగ్గర గుండు గొట్టం దాటగానే పేలింది. ప్రిమెచ్యూర్ అంటాము. ఇద్దరు పోయినారు. ఒకడు నాతో పాటు బండి దిగి భర్తీ అయినవాడు. మా గుండు మూతికి ఫ్యూజు ఉంటుంది. ఎక్కించే ముందు దాని టోపీ తీస్తే, ఇక ఆకు తగిలినా పేలుతుంది. అందుకని కాల్చేటప్పుడు గొట్టం ముందర వల తీసేయాలి. ఆ రోజు హడావుడిలో వల తీయలేదు. అంతే జరిగింది. చిరిగిన వల నేను చూసినాను.

మరునాడే గుసగుసలు మొదలైనాయి. ఫ్యాక్టరీలో శత్రువుల మనిషి ఉన్నాడు, గుండ్లలో మందు మార్చినాడు, పై వాళ్ళకు తెలిసి కప్పెట్టినారు అని. చెప్పింది టీ హోటలు వాళ్ళు కాదు, బావా. పదేళ్ళుగా గన్ను మీద బతికినవాళ్ళు, ఆ ఫ్యూజు గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవాళ్ళు. అందరికంటే గట్టిగా చెప్పేవాడు ఆ గన్ను నెంబర్ వన్. వల తీయమని చెప్పవలసింది అతనే. విచారణలో నన్ను అడిగితే ఉన్నది చెప్పినాను. కానీ అతను నాతో ఆ శత్రువు మనిషి సంగతి ఎత్తినప్పుడల్లా నేను అవుననీ అనను, కాదనీ అనను. కాదంటే అతని చేతికి ఏమి మిగులుతుంది?

క్రిస్మస్ దాటినాక సెలవు వస్తుందంటున్నారు.

జయకుమార్


కొటారుపాళెం
1965 డిసెంబరు 19

చిరంజీవి జయకుమార్‌కు,

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. ఎలిశబెతుకు కూడా. నువ్వు వస్తున్నావని మాత్రం చెప్పినాను. ఇల్లు సున్నం కొట్టిస్తున్నది.

పాళెం సగం ఖాళీ. రమణయ్య పెళ్ళాం బిడ్డలతో మనుబోలు పక్క వరి కోతలకు పోయినాడు. కొందరు కాలువ పూడిక పనికి పోయినారు. పోయేవాళ్ళలో ఎవరి ముఖాన పశ్చాత్తాపం కనపడలేదు. ఫిరంగులు ఎటు పోయినాయి అన్నదాని మీద బండెక్కేదాకా వాదించుకున్నారు. పద్మనాభయ్య ఎక్కడికీ పోలేదు. పోవడానికి అతనిది ఉప్పు కాదు.

ఆదిశేషమ్మ కూడా పోలేదు. తలుపు వేసుకొని ఉన్నది. పొయ్యి వెలిగించడం లేదని ఎలిశబెతు రెండు పూటలు అన్నం తీసుకుపోయింది. తలుపు తీయలేదు. అందరికన్నా ముందు ఆకు పీకింది తానేనని, తనను చూసే మిగతావాళ్ళు పీకినారని లోపల్నుంచి అన్నదట.

మంగళవారం నేను కొటారు గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. మనిషి సగమయింది. అందరూ అంటున్న మాటలు నమ్మను, మీరు అబద్ధం చెప్పరు, మీరు చెబితే వింటాను అన్నది.

"నా కుప్ప కింద ఫిరంగి ఉండిందా సామీ, లేదా?"

ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. వాళ్ళే అనుకున్నారు, వాళ్ళే జవాబు చెప్పుకున్నారు. అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, అక్టోబరు నుంచీ నాలుక మీదే ఉంది. చెప్పాలని ఆమె ముఖం వంక చూసినాను. చూడకుండా చెప్పి ఉండవలసింది.

"ఆ సంగతి నేను చెప్పకూడదు, ఆదిశేషమ్మా" అన్నాను.

గోడకు ఆనుకొని అక్కడే కూలబడి, కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చింది. వాన నాడు కూడా ఆమె ఏడవగా నేను చూడలేదు. ఏడ్చి, ముఖం తుడుచుకొని, ఎక్కడికి తీసుకుపోయినారని అడిగింది. ఒక అబద్ధం ఆడినవాడు రెండోది ఆడక తప్పదు. ఉత్తరానికి అన్నాను.

"జయకుమార్ బాబు కాడికా?"

తల ఊపినాను.

"పోనీలే. ఆడ పనికొస్తాది" అన్నది.

మడుల గట్లు ఎప్పుడు వేస్తారు, తన పేరు రాసుకున్నారా అని అడిగి పోయింది. ఆ సాయంత్రం ఆమె ఇంటి మీద పొగ లేచిందని ఎలిశబెతు చెప్పింది. ఈ పాటికి నా మాట హోటలు దాకా పోయే ఉంటుంది. పద్మనాభయ్యకు ఇక జీవితాంతం సాక్షిని నేనే. నన్ను నేను తిట్టుకోవడానికి సరయిన మాట ఇంకా దొరకలేదు, దొరికితే రాస్తాను.

నువ్వు రాగానే ఆమె నిన్ను చూడటానికి వస్తుంది. తన ఫిరంగి ఎలా ఉందని అడుగుతుంది. బాగా పనిచేస్తున్నదని చెప్పు.

సమాధానం